కుడిచేతి గేరు

నా భార్య సత్యవేణిని ఒక పరీక్ష చంపింది. కాలవ కాదు, వ్యాను కాదు. పరీక్ష. ఇందులో నాకు అనుమానం లేదు. ఎవరితోనూ వాదన కూడా లేదు.

ఆ పరీక్ష పెట్టే యంత్రం అమలాపురం గడియారస్తంభం సెంటరులో ఒక మేడ మీద ఉంది. సిమ్యులేటర్ అంటారు. యాభై అయిదు దాటిన డ్రైవర్లను తీసుకొచ్చి దాని కుర్చీలో కూర్చోబెడతారు. ఎదురుగా ఒకటి, పక్కల రెండు తెరలు. తెరల మీద రోడ్డు పరిగెడుతుంది, బళ్లు వస్తాయి, మనుషులు అడ్డం పడతారు. కూర్చున్నవాడు స్టీరింగు తిప్పాలి, బ్రేకు తొక్కాలి. పక్కనుంచి వచ్చేది కంటికి ఆనుతోందా, కాలు వేళకి బ్రేకు మీదికి పోతోందా అన్నది యంత్రం చూసి చెబుతుంది. నెగ్గినవాడి బండికి పచ్చ స్టిక్కరు అంటిస్తారు. ఆ స్టిక్కరు లేని ముసలి డ్రైవరుకి ఈమధ్య ఎవరూ బండి ఇవ్వడం లేదు.

కనకరాజు నడిపే వ్యానుకి పచ్చ స్టిక్కరు ఉంది. కార్తీక సోమవారం ద్రాక్షారామం వెళ్లడానికి సత్యవేణి ఆ స్టిక్కరు చూసే ఆ వ్యాను ఎక్కింది. ముక్తేశ్వరం రేవులో పంటు మీద గోదావరి దాటాలి. రేవు దాకా పోలేదు. లాకుల దగ్గర మలుపులో ఎడమ నుంచి ఆటో వచ్చింది. వ్యాను కుడికి కోసుకుని కాలవలో పడింది. మిగతా ఆడవాళ్లను జనం లాగి గట్టెక్కించారు. కిటికీ పక్కన కూర్చున్న నా భార్యని కూడా లాగారు. ఆలస్యమైంది.

నా పేరు నారాయణమూర్తి. ఊరిబడి చదువు. హెడ్ కానిస్టేబులుగా దిగిపోయాను. ఇప్పుడు ప్లీడర్లకి ఎంక్వైరీలు చేసిపెడతాను. జనం ఇంకా హెడ్డుగారనే అంటారు.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే కాంతం వచ్చింది. మెకానిక్ లాజరు భార్య. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"హెడ్డుగారండీ, ఇలాంటప్పుడు రాకూడదండి. మా ఆయన్ని నిన్న సాయంత్రం పట్టుకెళ్లిపోయేరండి."

"తెలుసు."

"బ్రేకులు సరిగ్గా చెయ్యలేదంటండి. ఆ వ్యానుకి కొత్తగా వేసి వారం కూడా కాలేదండి. హైదరాబాదు నుంచి ఎవరో డిటెక్టివ్ వచ్చి, బ్రేకులే పోయేయని రాసిచ్చేడంటండి. ఇవాళ సాయంత్రం కోర్టులో పెడతారంట. అక్కడినుంచి జైలేనంటండి."

"బ్రేకులు పోలేదని నీకెలా తెలుసు?"

"మా ఆయన వేసేడు కాబట్టండి."

"అది సాక్ష్యం కాదు."

ఆమె కదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసేసి, అంది.

"అమ్మగారు పోయినందుకు ఎవరో ఒకళ్లు జైలుకెళ్లాలి కదండీ. ఎవరో ఒకళ్లంటే మా ఆయనేనాండీ?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. సాయంత్రం లోపల చెబుతాను, ఇంటికెళ్లమన్నాను.

మా బావమరిది బుల్లిరాజు అప్పుడే ఇడ్లీపళ్లెం తెచ్చి నా ముందు పెట్టాడు. సత్యవేణికి ఒక్కడే తమ్ముడు. కువైట్‌లో ఇరవయ్యేళ్లు ఒక షేకు ఇంట్లో కారు నడిపి, రెండేళ్ల కిందట వచ్చేశాడు. యాభై నిండకుండానే తల ముగ్గుబుట్టయింది. పెళ్లి చేసుకోలేదు. అక్క పోయిన రోజు నుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. నాకు వండిపెట్టేది వాడే. సత్యవేణి చీరలు మడతపెట్టి బీరువాలో పెట్టిందీ వాడే. నా చేతులకి ఆ పని రాలేదు.

"కారు తియ్యి. కొత్తపేట ఆసుపత్రికి వెళ్లాలి. కనకరాజుని చూడాలి."

తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇప్పుడు ఆయన్ని చూసి ఏం చేస్తారండి బావగారూ? మీ ఒంటికి మంచిది కాదండి."

"నా ఒంటి సంగతి నేను చూసుకుంటాను. తియ్యి."

కాలవగట్టు మలుపుల్లో కూడా వాడు హారన్ కొట్టడు. "కొట్టరా, ఎదురు ఎవడైనా వస్తే?" అన్నాను. "అక్కడ కొడితే తిట్టినట్టేనండి. అలవాటు తప్పిపోయింది" అన్నాడు. వాడు కువైట్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి వింటున్న మాటే. ఆసుపత్రి దగ్గర కారు దిగలేదు. అక్కని ముంచినవాడి మొహం చూడలేనన్నాడు. నాకది సబబుగానే తోచింది.

కనకరాజుకి అరవై రెండు. కాలికి సిమెంటు కట్టు. కాపలా కానిస్టేబులు నా చేతికింద పనిచేసినవాడు, తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు. గుమ్మంలో నన్ను చూడగానే కనకరాజు లేవబోయి, లేవలేక, రెండు చేతులూ ఎత్తాడు.

"హెడ్డుగారండీ, మీకు మొహం చూపించలేనండి."

"మొహం అక్కర్లేదు. జవాబులు చెప్పు. ఆటో ఎప్పుడు కనిపించింది?"

"ఎదరకొచ్చేసేకండి."

"బ్రేకు తొక్కేవా?"

"తొక్కేనండి. పట్టలేదండి."

"నీ వెనక సీటామె నువ్వు కాలే కదపలేదంది."

ఎదుటి గోడకి క్యాలెండరు వేలాడుతోంది. దాని మీద అడుగున చిన్నక్షరాలున్నాయి, చదవమన్నాను. ప్రెస్సు పేరుతో సహా గడగడా చదివాడు. అతను చదువుతుండగా నర్సు తెచ్చిన టీ గ్లాసు తీసుకుని, చప్పుడు కాకుండా, అతని ఎడమభుజం పక్కన స్టూలు మీద పెట్టాను.

"సరే. టీ తాగి చెప్పు."

"టీ ఏదండీ?"

"నీ పక్కనే ఉంది."

ముందు కుడివైపు తడిమాడు. తర్వాత ఎడమచెయ్యి గాల్లో వెతికింది. వేలు తగిలి గ్లాసు నేల మీద పడింది. పడిన చప్పుడుకి అతను తల తిప్పి చూశాడు. అంతకుముందు చూడలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు దాటిందండి." దుప్పటి అంచు నలిపాడు. "ఎదర బాగానే ఆనుద్దండి. పక్కలే. గొట్టంలోంచి చూసినట్టుంటదండి."

"యంత్రం పరీక్షించేది ఆ పక్కచూపునే. ఎలా నెగ్గేవు?"

"దేవుడి దయండి."

"కుర్చీలో దేవుడు కూర్చున్నాడా?"

"నేనే కూర్చున్నానండి."

"నీ ఎదురుగా తెరలు ఎన్ని?"

కొంచెం ఆలోచించాడు. "ఒకటండి. పెద్ద టీవీలాగ."

అతను ఆ మేడ మెట్లు ఎక్కలేదు. అది తేలిపోయింది.

"కనకరాజూ, నీ మాట మీద లాజరుని సాయంత్రం కోర్టులో పెడుతున్నారు. చేసిన పని సరిగ్గా చేసినవాడు జైలుకెళ్తాడు. నీ బదులు కూర్చున్నవాడి పేరు చెప్పు."

మొహం గోడకేసి తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి.

"ఉరి తీసినా అదే మాటండి. నేనే కూర్చున్నాను. ఏదున్నా నా మీద వేసెయ్యండి."

ఏడిచాడు. నేను నిలబడి చూశాను. నాకు జాలి వెయ్యలేదు. ఈ తాలూకాలో గల్ఫ్ వెళ్లిన డ్రైవర్లలో సగంమందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఈ మనిషే. ఈ ప్రాంతంలో గురువుగారంటారు. తనకి చూపు లేదని గురువుగారికి తెలుసు. తెలిసి పదిమంది ఆడవాళ్లను ఎక్కించుకున్నాడు.

కారెక్కి అమలాపురం పొమ్మన్నాను. "ఏమన్నాడండి?" అని బుల్లిరాజు అడిగాడు. "అబద్ధాలు" అన్నాను. గడియారస్తంభం సెంటరులో మేడ ముందు దింపి, తల ఎత్తి ఆ మేడకేసి చూడకుండానే అన్నాడు.

"నేను పైకెందుకండి. దవ్వారు దగ్గర నీడలో బండి పెట్టుకుని ఉంటాను. ఫోన్ చెయ్యండి."

దవ్వారు కువైట్ మాట. నాలుగు రోడ్లు కలిసేచోట బళ్లు గుండ్రంగా తిరిగి పోతాయే, దాన్ని అక్కడ అలా అంటారట. గడియారస్తంభాన్ని వాడు అలాగే పిలుస్తాడు. ఆ మాటకి సత్యవేణికి నవ్వాగేది కాదు. "మా తమ్ముడి దవ్వారు దగ్గర చామంతిపూలు మంచివొస్తున్నాయి, పట్టుకురండి" అని నన్నూ ఆటపట్టించేది. పోవడానికి వారం రోజుల ముందు కూడా అంది.

మేడ మీద ఇద్దరున్నారు. యంత్రం నడిపే యామిని, బండారులంక అమ్మాయి, పాలిటెక్నిక్ చదివింది. రెండోవాడు సూర్యతేజ. పరీక్షా కేంద్రంవాళ్లు హైదరాబాదు నుంచి రప్పించుకున్న ప్రైవేటు డిటెక్టివ్. ముప్ఫై ఉండవు. రెండు సెల్‌ఫోన్లు, మెరిసే బూట్లు. యంత్రానికి చెడ్డపేరు రాకుండా చూడటం అతని పని.

"రండి హెడ్డుగారూ. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ బాధ సాక్ష్యం కాదు."

పొద్దున్న కాంతంతో నేనన్నదే నాకు తిరిగి చెప్పాడు.

"నీ రిపోర్టు మాత్రం సాక్ష్యమా?"

"రోడ్డు మీద టైరు గీత లేదు. బ్రేకు పడితే గీత పడాలి. గీత లేదు కాబట్టి బ్రేకు పడలేదు."

"గీత లేదు కాబట్టి బ్రేకు తొక్కలేదు. ఆటో కనపడనివాడు ఎందుకు తొక్కుతాడు?"

"కనపడలేదని మీరంటున్నారు. కనపడుతుందని యంత్రం అంది. పక్కచూపులో కనకరాజుకి నూటికి తొంభై పైన. కాలేజీ కుర్రాళ్లకి కూడా అంత రాదు."

"అరవై రెండేళ్లవాడికి కాలేజీ కుర్రాడి కన్నా ఎక్కువొస్తే నీకు అనుమానం రాలేదు?"

"మనుషుల మీద వస్తుంది. యంత్రాల మీద రాదు." చిరునవ్వు నవ్వాడు. "అన్నట్టు మీరు కంప్యూటరు ఎప్పుడైనా ముట్టుకున్నారా?"

"లేదు. దొంగల్ని ముట్టుకున్నాను. వాళ్లలో కొందరి బూట్లు కూడా ఇలాగే మెరిసేవి."

యామిని తల దించుకుని తీగలేవో సర్దింది.

"అమ్మా, నన్ను కూర్చోబెట్టు" అన్నాను.

"మీరాండీ?"

"ఆయ్. నాకూ అరవై దాటేయి. కనకరాజు పరీక్షనాడు ఎలా ఉందో అలాగే పెట్టు."

ఆమె సూర్యతేజ వైపు చూసింది. "అప్పుడిలా ఉండేది కాదండి. యంత్రం ఫారిన్‌ది కదండీ. మొదటి నెల్లాళ్లూ అక్కడి రోడ్డే ఉండేది. బళ్లన్నీ కుడిపక్కన నడిచేవి. గేరు కూడా కుడిచేతికే. తర్వాత మనిషొచ్చి మన రోడ్డుకి మార్చేడు."

"అది అనవసరం" అన్నాడు సూర్యతేజ.

"నాకు అవసరం. మార్చమ్మా."

గేరు కర్ర విప్పి కుడిపక్కకి బిగించింది. పాత డిస్కు పెట్టింది. నేను కూర్చున్నాను. తెరలు వెలిగాయి. వెడల్పాటి నల్లరోడ్డు, పక్కన ఎర్ర పెంకుల ఇళ్లు. బండి కదిలింది. గేరు మార్చబోయాను. నా ఎడమచెయ్యి పోయి గాలిని పట్టుకుంది. అక్కడేమీ లేదు. ఆ తడబాటులో మలుపు వచ్చింది. హారన్ కొట్టాను, ఎడమకి తిప్పాను. ఎదురుగా లారీ. ఇంకా ఎడమకి కోశాను. లారీ నా మీదికే వచ్చింది. మూడు తెరలూ ఎర్రబడ్డాయి.

"పోయారు" అన్నాడు సూర్యతేజ. అని, నేనెవరో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

నేను కుర్చీలోంచి లేవకుండానే యామినిని అడిగాను.

"ఆ నెల్లాళ్లూ ఎక్కినవాళ్లంతా ఇలాగేనా?"

"అందరూనండి. ఎడమచెయ్యి గాల్లో ఆడించేవారు. ఎదురు బండొస్తే ఎడమకే కోసేసేవారు. హారనైతే నా చెవులు దిమ్మెక్కిపోయేవండి, మేడమ్మీద కూర్చుని రోడ్డంతా ఖాళీ చేయించేస్తున్నట్టు." కొంచెం నవ్వి ఆపేసుకుంది. "అలవాటు తప్పులు కదాని పైవాళ్లు అవి లెక్కెయ్యొద్దన్నారండి. చూపూ కాలూ మాత్రమే లెక్కేసేం."

"కనకరాజు కూడా గాల్లో చెయ్యి ఆడించేడా?"

గబగబా యంత్రం దగ్గరికి పోయి మీటలు నొక్కింది. "ఎవరు ఎలా నడిపేరో ఇందులో ఉండిపోద్దండి. చూడండి."

తెర మీద అదే రోడ్డు మళ్లీ వచ్చింది. ఈసారి స్టీరింగు మీద ఎవరి చేతులూ లేవు. తొమ్మిది నెలల కిందట ఎవరో నడిపిన నడక అది. బండి మెత్తగా కదిలింది. కుడిపక్క పట్టుకుంది. గేరు గేరుకీ ఎక్కడా తటపటాయింపు లేదు. మలుపు వచ్చింది, హారన్ మోగలేదు. లారీ వచ్చింది, బండి తన దారిన తను పోయింది. నాలుగు రోడ్ల మధ్య పెద్ద గుండ్రం వచ్చింది. ఆగింది. ఎడమ నుంచి వచ్చే బళ్లకి దారిచ్చి, కుడికి తిరిగి, చుట్టూ తిరిగి, తనకి కావలసిన రోడ్డులోకి దిగిపోయింది. మొత్తం మీద హారన్ ఒక్కసారి కూడా మోగలేదు.

తెర ఆరిపోయేదాకా సూర్యతేజ చూస్తూనే ఉన్నాడు. నవ్వు లేదు.

"ముందుగా ఎక్కడైనా నేర్చుకుని ఉండొచ్చు."

"ఎక్కడ? కనకరాజు విశాఖపట్నం దాటి ఎరగడు. గట్టు మలుపులో హారన్ కొట్టకుండా తిరిగే డ్రైవరు కోనసీమలో పుట్టలేదు. ఇది అటుపక్క రోడ్ల మీద ఏళ్ల తరబడి నడిపినవాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాడు. కనకరాజు శిష్యుడు."

తెలివైనవాడే, కాదనను.

"అంటే యంత్రం అబద్ధం చెప్పలేదు."

"లేదు. కూర్చున్నవాడు చెప్పేడు."

"పేరు?"

నా దగ్గర పేరు లేదు.

"చూడండి హెడ్డుగారూ, ఇక్కడ వీధికి పదిమంది గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో ఎవరో ఒకరు అని నేను రాయలేను. పేరు లేకపోతే నా రిపోర్టు మారదు. సాయంత్రం మెకానిక్ కోర్టుకి వెళ్తాడు."

యామిని వైపు తిరిగాను. "మనిషిని చూసేవు కదమ్మా. లైసెన్సులో ఫొటోతో సరిపోల్చలేదా?"

ఆమె మొహం ఎర్రబడింది. "పాత పుస్తకం లైసెన్సండి. ఫొటో ఆయన కుర్రతనంలోది, మసకగా ఉంది. తల పండిపోయి ఉంది కదా, సరిపోయిందనుకున్నానండి. మర్యాదస్తుడు. చెప్పులు బయటే విప్పొచ్చేరు."

"ఏమైనా మాట్లాడేడా?"

"పెద్దగా లేదండి. ఏదో మొహమాటపడుతున్నట్టున్నారు. ఒక్కసారి మాత్రం తనలో తను ఒక మాటన్నారు. ఆ గుండ్రం దగ్గరికి వచ్చినప్పుడండి. నేనెప్పుడూ వినని మాట. లంకల వైపు మాటేమో అనుకుని ఇంటికెళ్లి మా అమ్మని కూడా అడిగేను. ఆవిడకీ తెలీదంది."

"ఏం మాట?"

"దవ్వారు అండి. ‘దవ్వారొచ్చింది’ అన్నారు. అంటే ఏటండీ?"

నాకు తెలుసు. చెప్పలేదు.

కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. కింద గడియారస్తంభం. అవతల నీడలో మా కారు. తల పండిన మనిషి ఒకడు పాతగుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. తుడిచినచోటే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఏమైంది? కళ్లు తిరుగుతున్నాయా?" సూర్యతేజ వెనకనుంచి అన్నాడు. "కూర్చోండి. పేరు తెలియకపోతే తెలియదనండి. తప్పేం లేదు."

ఒక్క మాట చాలు. తెలియదు అనడమే. ఇద్దరం ఇంటికి పోతాం. సాయంత్రం వాడు నాకు చారన్నం పెడతాడు. సత్యవేణి తమ్ముడు, ఆవిడ పోలికే, ఆవిడ మాట్లాడినట్టే సాగదీసి మాట్లాడతాడు. ఆ ఇంట్లో నాకు మిగిలింది ఆ గొంతు ఒక్కటే. లాజరు నాకేమవుతాడు? ఏమీ కాడు. కాంతం మా గుమ్మంలో మళ్లీ నిలబడుతుంది. మళ్లీ అడుగుతుంది. అంతే కదా.

ఫోన్ తీశాను. కింద ఆ మనిషి గుడ్డ వదిలేసి జేబు తడుముకోవడం కనిపించింది.

"పైకి రా."

"నేనెందుకండి బావగారూ?"

"రా."

చాలాసేపు కారు పక్కనే నిలబడ్డాడు. పారిపోతాడేమో అనుకున్నాను. పారిపోతే బాగుండునని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. రోడ్డు దాటాడు. మెట్ల మీద అడుగులు వినిపించాయి. గుమ్మం బయట చెప్పులు విప్పిన చప్పుడైంది.

యామిని గబుక్కున లేచి నిలబడింది. గుర్తుపట్టిన సంతోషంలో అప్పటిదాకా విన్నదంతా మరిచిపోయింది.

"నమస్తేనండి కనకరాజుగారూ!"

సూర్యతేజ ఫోన్ ఏదో మోగింది. చూడకుండానే నొక్కేశాడు. యామిని మా మొహాలు ఒకటొకటే చూసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

బుల్లిరాజు గుమ్మం దాటలేదు.

"బావగారూ..."

"అక్కడే నిలబడి చెప్పు."

"గురువుగారు ఏడ్చేడండి. స్టిక్కరు లేకపోతే బండి ఇవ్వనంటున్నారు, నేను స్టీరింగు వదిలేస్తే చచ్చిపోతానని కాళ్లు పట్టుకోబోయేడండి. నాకు విద్య నేర్పిన చేతులండి అవి. ఎదర బాగానే ఆనుతోందన్నాడు. నమ్మేను. ఒక్కపూట కూర్చుంటే ఏమైపోద్దిలే అనుకున్నానండి."

"మీ అక్క ఆ స్టిక్కరు చూసి ఎక్కింది. నీకు తెలుసా?"

తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"రేవు దాకా కారులో దింపుతానన్నానండి. వద్దంది. అందరితో కలిసి వెళ్తే సరదాగా ఉంటదంది. వ్యాను అద్దం మీద వేలెట్టి చూపించి, ‘పచ్చ స్టిక్కరుందిరా, నీకేం భయం’ అంది. అప్పుడు చెప్పాలండి. నోటిదాకా వచ్చింది. గురువుగారు అక్కడే నిలబడున్నాడు, అందరి ముందూ... చెప్పలేకపోయేనండి."

వాడు నా కాళ్ల వైపు వంగాడు. నేను వెనక్కి జరిగాను.

"స్టేషనుకి పద."

"వస్తానండి. మీరు పొద్దున్న ఇడ్లీ కూడా తినలేదండి. రాత్రికి మీకు ఎవరు..."

"పద."

సూర్యతేజ నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. మొదటిసారి అతని మాటలో వెటకారం లేదు. "సార్, రిపోర్టులో మీ బావమరిది అని రాయక్కర్లేదు. పేరు చాలు."

"బావమరిదనే రాయి. మృతురాలి సొంత తమ్ముడని కూడా రాయి."

కారు వాడే నడిపాడు. నేను తాళంచెవి అడగలేదు. గడియారస్తంభం చుట్టూ తిరిగేటప్పుడు ఒక సైకిలు అడ్డం వచ్చింది. వాడు హారన్ కొట్టాడు. రెండేళ్లలో అదే మొదటిసారి.

కోర్టు వేళకి ముందే లాజరు బయటికి వచ్చాడు. కాంతం నాకు ఎదురొచ్చి దణ్ణం పెట్టబోయింది. నేను రోడ్డుకి అవతలపక్కకి దాటి నడిచి ఇంటికి వెళ్లాను. వంటింట్లో పొద్దుటి ఇడ్లీలు మూతపెట్టి ఉన్నాయి. పారేశాను.

సొంత మనిషిని పట్టించావా అని అడిగినవాళ్లున్నారు. ధర్మాత్ముడివన్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ నేను జవాబు చెప్పలేదు. కనకరాజుని నేను క్షమించలేదు, వాణ్ణీ క్షమించలేదు. జైలు నుంచి వాడి కబురు వచ్చింది, వెళ్లలేదు. ఏం జరిగిందో ఇక్కడ చెప్పాను, ఇంతే. ఆ మాట, వాడి పేరు, ఆ పరీక్ష సంగతి ఇక నా నోట రావు. ఎవరూ అడగొద్దు.